రంగు తేలని రాయి

104వ రోజు

ఈ పుస్తకాన్ని ఎవరూ చదవరు. అయినా రెండు ప్రతులు రాయాలని నిబంధన. ఒకటి చదవకుండా పారేయడానికి, ఇంకొకటి పారేసినట్టు రుజువు చూపడానికి కాబోలు. ఇరవై రెండేళ్లుగా రాస్తున్నాను. పేరు దస్తగిరి, ఉద్యోగం కిందూరు రంగుల శాఖలో రెండో గుమాస్తా.

ఈరోజు నలభై చొక్కాలకు నీలం చీటీలు, పన్నెండు చీరలకు ఆకుపచ్చ చీటీలు కుట్టించాను. ఒక పెద్దమనిషి ఏడుపు మొహంతో వచ్చాడు. ఉతుకులో చీటీ ఊడిపోయిందట, తన చొక్కా ఏ రంగో ఇప్పుడు తెలియడం లేదట. చొక్కాను దీపం కింద అటూ ఇటూ తిప్పి చూశాను. చూసి లాభం లేదు గానీ, చూసినట్టు కనిపించకపోతే జనానికి నమ్మకం కుదరదు. మా సొరంగాల దీపాలన్నీ ఒకే రకం. డెబ్భై ఏళ్ల కిందట పైన ఎండలకు తాళలేక మా తాతలు ఈ జింకు గనిలోకి దిగినప్పుడు దీపాల పని ఒకే గుత్తేదారుకు దక్కింది. ఆయన చవకలో దొరికినవి తెచ్చి బిగించాడు. ఆ వెలుగులో ఏ వస్తువైనా లేతగా ఉంటుంది, లేదంటే ముదురుగా ఉంటుంది. అంతకు మించి ఏమీ ఉండదు. కిందూరిలో పుట్టినవాళ్లెవరూ ఇంతవరకు ఒక్క రంగును కళ్లతో చూడలేదు. అందుకే ఇంత పెద్ద రంగుల శాఖ అవసరమైంది.

చొక్కా లేతగా ఉంది. నీలం అని రాసి నకలు చీటీ ఇచ్చాను. ఆయన దాన్ని గుండెకు హత్తుకుని వెళ్లాడు.

పని దిగే ముందు సుంకులమ్మ వచ్చింది. ఊరి నీళ్ల తొట్టి చూసుకునే మనిషి, యాభై దాటి ఉంటాయి. మా శాఖలో అడుగు పెట్టడం ఇదే మొదలు.

“దస్తగిరీ, ఒక రాయికి రంగు చీటీ రాయాల. రవంత వచ్చి చూడు నాయనా.”

“రాయిని ఈడికే తెచ్చేయక్కా.”

“ఈడ కనపడదు. నా దీపం కాడ పెడితేనే కనపడేది.”

రంగు కనపడటం ఏమిటో నాకు అర్థం కాలేదు. రేపు వస్తానన్నాను. మా శాఖ ఈ ఊరికి ఇచ్చిన వాటిలో రేపు అన్న మాటే ఎక్కువ.

105వ రోజు

తొట్టి గదిలో నలుగురు నిలబడితే ఐదోవాడు తొట్టిలో నిలబడాలి. ఊరు తాగే నీళ్లన్నీ దీంట్లోంచే పోతాయి. తొట్టి మధ్యలో స్ఫటికపు గొట్టం, అందులో సుంకులమ్మ దీపం. దాని వెలుగు కంటికి సరిగ్గా ఆనదు గానీ నీళ్లలోని పురుగును చంపుతుంది. ఊరు మొత్తానికీ అదొక్కటే ఉంది. రెండోది నాలుగేళ్ల కిందట మాడిపోయింది. సొరంగాల్లో మంట వెలిగించడం నిషేధం, నీళ్లు కాచుకునేంత కరెంటు ఏ ఇంటి వాటాలోనూ రాదు. ఆ దీపం ఆగితే ఊరు మంచాన పడుతుంది.

రాయి రెండు పిడికిళ్లంత ఉంది. తొమ్మిదో సొరంగంలో దొరికిందట. అలాంటి వాటిని పొడిచేసి, బ్యాటరీల కోసం జింకు తీస్తాం. మా వెలుగులో అది నిన్న మిగిలిన సంకటి ముద్దలా ఉంది. మొన్న కరెంటు పోయి దీపం బ్యాటరీ మీద నడుస్తున్నప్పుడు, చీకట్లో ఆ రాయి దీపం పక్కకు వచ్చినప్పుడు సుంకులమ్మకు అందులో ఏదో కనపడిందట.

“సూటిగా చూడాకు, కండ్లు పోతాయి. ఈ గాజు పలక అడ్డం పెట్టుకో,” అని కిటికీ గాజు ముక్క ఒకటి చేతికిచ్చి, గది దీపం ఆర్పింది.

ఇక్కడ ఏం రాయాలో తెలియక అరగంటగా కలం పట్టుకుని కూర్చున్నాను. రాయి వెలిగింది. దాని మీద వెలుగు పడటం కాదు, రాయే లోపలి నుంచి వెలిగింది. ఎడమ పక్క ఒక వెలుగు, రాయిలో మూడింట రెండు వంతులు. కుడి పక్క ఇంకొకటి. మధ్యలో సన్నని నల్లటి చారలు. ఎడమది లేత కాదు, కుడిది ముదురు కాదు. రెండూ సమానంగానే వెలుగుతున్నాయి, కానీ రెండూ ఒకటి కావు. నాకు నలభై ఆరేళ్లు. తేడా అనే మాట రోజూ వాడుతున్నాను, దాని అర్థం ఈరోజు తెలిసింది. దీపం తీసేశాక కుడి పక్క వెంటనే ఆరిపోయింది. ఎడమ పక్క మాత్రం కాసేపు అలాగే ఉండి, పోవడం ఇష్టం లేనట్టు మెల్లగా పోయింది.

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. దుమ్ము పడిందని చెప్పాను. తొట్టి గదిలో దుమ్మేమిటని సుంకులమ్మ అడగలేదు, మంచి మనిషి.

“ఏం రంగులు నాయనా అవి?” అంది.

లక్షల రంగు చీటీలు రాసిన చెయ్యి నాది. “విచారణ జరగాలక్కా,” అన్నాను.

107వ రోజు

రంగుల అధికారి చెన్నకేశవులు గారు రాయిని చూడటానికి స్వయంగా బయలుదేరారు, కుర్చీతో సహా. అధికారి కూర్చుని మాత్రమే రంగు నిర్ణయించాలని నిబంధన. కుర్చీ తొట్టి గది తలుపులో పట్టలేదు. ఇద్దరు మనుషులు దాన్ని నిలువునా, అడ్డంగా, తలకిందులుగా ప్రయత్నించారు. చివరికి సారు తీర్పు చెప్పారు: దీపాన్ని విప్పి సభామందిరానికి తేవాలి.

“రాయి ఈడ్నే ఉంది, దీపం ఈడ్నే ఉంది. మీరొక్కరు లోపలికి వచ్చి చూస్తే అయిపోతాది గదా సార్,” అంది సుంకులమ్మ. “కుర్చీ పట్టకుంటే ముక్కాలి పీట వేస్తా.”

“పీట మీద కూచుంటే అది పీట నిర్ణయమైతాది గానీ అధికారి నిర్ణయం యాడైతాదమ్మా,” అన్నారు సారు.

“మరి నీళ్లు?”

“రోజుకు రెండు గంటలే తెస్తాం. రాసిస్తాలే.”

రాసిచ్చారు కూడా. చేతిరాత నాది, సంతకం సారుది.

109వ రోజు

తొలి విచారణ. మందిరం నిండిపోయింది. మా ఊళ్లో ఎరుపు వాడ, ఆకుపచ్చ వాడ అని రెండు ఉన్నాయి. ఏ గోడకు ఏ రంగు వేశారో ఎవరికీ తెలియకపోయినా, అవతలి వాడ గోడ తమ గోడ కంటే నాసి అని ఇద్దరికీ తెలుసు. నేను ఎరుపు వాడ. నా భార్య ఖాసింబీ పుట్టిల్లు ఆకుపచ్చ వాడ. పద్దెనిమిదేళ్ల కాపురంలో ఆమె ఆకుపచ్చ చీటీ లేని చీర ఒక్కటీ కట్టలేదు. ఈరోజు పుట్టగొడుగుల కోత ఉందని మందిరానికి రాలేదు. “ఎన్నాళ్లో ఉంటాది గదా, ఇంకోనాడు చూస్తాలే,” అంది.

దీపాలు ఆర్పి రాయిని వెలిగించగానే మందిరంలో ఎవరూ ఊపిరి పీల్చలేదు. తర్వాత అందరూ ఒకేసారి అరిచారు.

ఎరుపు వాడ పెద్ద ఓబన్న లేచి, పెద్దగా వెలిగే ఎడమ పక్కే ఎరుపు అన్నాడు. ఆకుపచ్చ వాడ పెద్ద గురవమ్మ లేచి, పెద్దగా వెలిగే ఎడమ పక్కే ఆకుపచ్చ అంది. కుడి పక్క చిన్న ముక్క ఎవరిదో తేల్చాలన్న తొందర ఎవరికీ లేదు. శాఖ పాఠ్యపుస్తకం తెరిచి చదివాను. ఎరుపు అంటే నెత్తురు, మిరపపండు. ఆకుపచ్చ అంటే ఆకు, చిలుక. ఆకునూ చిలుకనూ మిరపపండునూ చూసినవాళ్లు ఎవరూ మిగల్లేదు. నెత్తురు ఉంది గానీ మా దీపాల కింద అది మసిలా ఉంటుంది.

“నెత్తురే గదా కావాల్సింది,” అని ఓబన్న వేలు కోసుకుని, చూసే గాజు పలక మీద పూశాడు. నేను ఆ మరకలోంచి చూశాను. ఎడమ వెలుగు మరక దగ్గరే ఆగిపోయింది. కుడి వెలుగు మాత్రం తన ఇంట్లోకి తాను వచ్చినట్టు మరకలోంచి దాటి వచ్చింది.

“పలక మురికి చేసినారు, తుడవండి,” అన్నారు సారు.

తుడిచాను. ఆ క్షణంలోనే నాకు విషయం తెలిసిపోయింది. నెత్తురు ఏ వెలుగును తనదిగా పోనిచ్చిందో అదే ఎరుపు. కుడిది ఎరుపు, మిగిలింది ఆకుపచ్చ. లేచి ఆ ఒక్క మాట అంటే విచారణ అక్కడితో ముగిసేది.

“క్లిష్టమైన అంశం సార్, వాయిదా వేస్తే బాగుంటాది,” అన్నాను.

112వ రోజు

మూడు విచారణలు, మూడు వాయిదాలు. మూడూ నేనే అడిగాను. మొదటిసారి క్లిష్టమైన అంశం, పాత దస్తావేజులు వెతకాలన్నాను, రెండోసారి పలక మందం కొలవాలన్నాను. మూడోసారి కారణం తోచక తలనొప్పి అన్నాను, దానికే అన్నిటికంటే తొందరగా ఒప్పుకున్నారు. ప్రతి వాయిదాకూ ముందు పరిశీలన ఉంటుంది. పరిశీలించేది నేను.

రోజూ విప్పడం బిగించడంలో దీపం పగిలిపోతుందన్న భయంతో ఊరి కమిటీ దాన్ని మందిరంలోనే ఉంచేసింది. దీపం క్షేమం ముఖ్యమట. సుంకులమ్మ మందిరం గడప మీద కూర్చుని ఉంది. లోపలికి పోతున్న ప్రతివాడినీ ఒకటే అడుగుతోంది.

“మీ ఇంట్లో కడుపునొప్పి ఎవరికన్నా ఉండాదా?”

నన్నూ అడిగింది. లేదన్నాను. “ఏదో ఒక రంగు పేరు రాసెయ్ నాయనా. నీకు ఇది కొత్తా?” అంది. నిజానికి కొత్త కాదు. ఆమె మొహం చూడకుండా లోపలికి వెళ్లి గంటసేపు పరిశీలించాను.

115వ రోజు

ముప్పై ఒక్క మందికి విరేచనాలు. ఆస్పత్రిలో పదకొండు మంచాలున్నాయి. కమిటీ అత్యవసరంగా సమావేశమై గట్టి చర్య తీసుకుంది. నీళ్ల తొట్టికి ‘శుభ్రమైన నీళ్లు’ అని చీటీ అంటించాలని తీర్మానించింది.

చీటీ రాసింది నేనే. పెద్ద అక్షరాలు, కింద శాఖ ముద్ర. అంటిస్తుంటే సుంకులమ్మ ఖాళీ స్ఫటికపు గొట్టం తుడుస్తూ ఉంది. తిట్టి ఉంటే బాగుండేది. గంటలో తొట్టి ముందు బిందెల వరుస మళ్లీ మొదలైంది. మా ఊరివాళ్లు నీళ్లను అనుమానిస్తారు గానీ చీటీని అనుమానించరు. ఆ అలవాటు చేసింది మేమే.

117వ రోజు

ఖాసింబీ నిన్న మధ్యాహ్నం మంచాన పడింది. ఈ పొద్దుటికి లేచి కూర్చోలేకపోయింది. చేతిమీద చర్మం పట్టి వదిలితే మడత మడతగానే ఉండిపోతోంది. కళ్లు గుంటలు పడ్డాయి. వైద్యుడు ఉప్పు చక్కెర నీళ్లు పట్టించమన్నాడు. ఏ నీళ్లతో కలపాలని అడిగితే ఆయన సంచి సర్దుకుని బయలుదేరాడు.

“తొట్టి నీళ్లు ఎందుకు తాగినావు? ఊర్లో జబ్బులుండేది తెలుసు గదా,” అన్నాను.

“చీటీ ఉండె గదా,” అంది. “నీ చేతిరాతే. గుర్తుపట్టినా.”

ఇక దీని మీద ఎగతాళి ఏమీ రాయలేను.

మందిరానికి పరిగెత్తాను. సారు కుర్చీలో సర్దుకోకముందే చెప్పేశాను. కుడిది ఎరుపు, ఎడమది ఆకుపచ్చ. ఇదిగో రుజువు అని నా వేలు నేనే కోసుకుని పలక మీద పూసి, ఓబన్నకూ గురవమ్మకూ చూపించాను. ఇద్దరూ చూశారు, ఇద్దరికీ అర్థమైంది. నిజం తేలిపోయింది కాబట్టి పంచాయితీ తీరుతుందని ఒక్క నిమిషం నమ్మాను. ఇరవై రెండేళ్ల సర్వీసు ఉన్నవాడు నమ్మాల్సిన మాట కాదది.

“ఆ మూల ముక్క మాకా?” అన్నాడు ఓబన్న. “మూడింట రెండు వంతులు వాళ్లకు, మాకు పిడికెడు. నీది మా వాడే గదా దస్తగిరీ, పెండ్లాం తరఫు మాట్లాడతాండావా?”

“నిజం చెప్తాండా పెద్దాయనా.”

“నిజం నీ ఇంట్లో పెట్టుకో. ఎడమది మాది కాదంటే ఈడ దీపమే ఉండదు,” అని చేతికర్ర ఎత్తాడు.

కర్ర దీపానికి జానెడు దూరంలో ఉంది. సుంకులమ్మ గడప మీంచి లేచి వచ్చి దీపాన్ని రెండు చేతులతో కప్పుకుంది. దాని వెలుగుకు చేతులు కాలతాయని ఊళ్లో అందరికంటే ఆమెకే బాగా తెలుసు. అయినా తీయలేదు. నాకు ఖాసింబీ చేతిమీది మడత గుర్తొచ్చింది. నిజంతో పని కాకపోతే ఇక మిగిలింది నా ఉద్యోగమే.

“సార్, నిబంధన పద్నాలుగు,” అన్నాను. “రంగు ఎవరిదైనా, చీటీ అంటించిందాకా అది రంగు కాదు. చీటీ రంగు మీదనే అంటించాల, పక్కన కాదు. ఇద్దరికీ హక్కుంది కాబట్టి ఎడమ పక్క ఇద్దరి చీటీలూ అంటిద్దాం.”

సారు మొహం వెలిగింది. ఆయనకు బాగా తెలిసిన భాష ఇది.

ఓబన్న కర్ర దించాడు. “మావి ఎన్ని?” అన్నాడు.

“సమానం.”

“వాళ్ల చీటీ కంటే మాది చిన్నగా ఉండకూడదు,” అంది గురవమ్మ.

చీటీలు కొలిచి కత్తిరించాను. ఎరుపు ఒకటి, ఆకుపచ్చ ఒకటి, పక్కపక్కనే. రాయి మీద ఖాళీ ఉన్నంతవరకూ ఇద్దరూ ఇంకా ఇంకా అన్నారు. ఒక్కొక్కరికి పదిహేడు వచ్చాయి. కుడి పక్క మిగిలింది చూసి, శాఖ ముద్ర లేకపోతే బాగుండదని సారు అక్కడ ఆరు ముద్ర కాగితాలు వేయించారు. జిగురు ఆరేసరికి రాయిలో వేలిగోరంత చోటు కూడా మిగల్లేదు. సుంకులమ్మ ఇంకా దీపాన్ని పట్టుకునే ఉంది. దాని ముందు ఉన్నది ఒక కాగితాల ఉండ. అది వెలగలేదు.

మందిరం దీపాలు వేశారు. జనం వరుసగా వచ్చి చీటీలు చదువుకున్నారు.

“ఇప్పుడు సక్కంగా కనపడతాంది,” అన్నాడు ఓబన్న.

చీటీలు చదవడానికి సుంకులమ్మ దీపం అక్కర్లేదు. ఆ మాట నేను అనేలోపే ఆమె దాన్ని విప్పి చీరకొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది. అరచేతులు కమిలి ఉన్నాయి. రాయిని అద్దాల పెట్టెలో పెట్టి తాళంచెవి నాకిచ్చారు. చెన్నకేశవులు సారు నా భుజం తట్టి, వచ్చే ఏడాది మొదటి గుమాస్తా పదవికి నా పేరు రాస్తానన్నారు. నేను మాత్రం బిందె పట్టుకుని తొట్టి దగ్గరికి పరిగెత్తాను.

120వ రోజు

మూడు రోజులుగా గంటకోసారి గ్లాసుడు నీళ్లు పట్టిస్తున్నాను. ఈ మధ్యాహ్నం ఖాసింబీ గోడకు ఆనుకుని కూర్చుంది. చేతిమీద చర్మం పట్టి వదిలితే మడత మెల్లగా సర్దుకుంది. నాలుగుసార్లు పట్టి చూశాను. ఐదోసారి నా చెయ్యి విదిలించింది. ఆ విదిలింపుకు నాకు ప్రాణం లేచి వచ్చింది.

కొత్తగా పడినవాళ్లు ఈరోజు ఇద్దరే. ఆస్పత్రిలో ముసలివాళ్లు ముగ్గురు పోయారు. వాళ్ల పేర్లు ఈ పుస్తకంలో రాయడానికి ప్రత్యేకమైన గడి లేదు. పక్కన రాశాను: నాగన్న, పీరమ్మ, తిక్కయ్య.

“చూస్తానని చూడకపోతి,” అంది ఖాసింబీ. “చీటీలు అంటించినారంట గదా. ఊరంతా చెప్తాండారు. ఎడమది ఏ రంగంట?”

“ఆకుపచ్చ.”

“గుమాస్తా మాటా, నిజమా?”

“నిజమే. నీ పుట్టింటి రంగే. మొదటిరోజే తెలిసింది నాకు.”

అంటే చాలు, ఆగిపోవచ్చు. ఆగలేకపోయాను. నెత్తురు మరక సంగతి చెప్పాను. లేచి ఒక్క మాట అని ఉంటే ఆ పొద్దే దీపం తొట్టికి పోయి ఉండేదని చెప్పాను. వాయిదాలన్నీ నేనే అడిగానని, దస్తావేజులూ తలనొప్పీ అన్నీ అబద్ధమని చెప్పాను. తేలిపోతే దీపం తీసేస్తారు, ఇంక చూడటానికి ఉండదు. ఇంకొక్కసారి చూడాలని అలా చేశాను. ఎనిమిది రోజులు చేశాను. చెబుతూ ఉంటే నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది.

ఆమె గ్లాసులో మిగిలిన నీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టింది.

“ముగ్గురు పోయినారు,” అంది.

“ఊఁ.”

“నేనూ పోయేదాన్ని.”

“ఊఁ.”

“అంత బాగుండెనా అది?”

అబద్ధం చెబితే ఆమెకు తెలిసిపోతుంది. నిజం చెబితే నేను ఇంకా చెడ్డవాణ్ణి అవుతాను.

“ఉండె,” అన్నాను.

ఖాసింబీ కళ్లు మూసుకుంది. నిద్రపోయిందేమో అనుకున్నాను.

“అయితే నేను చూడాల,” అంది కళ్లు తెరవకుండానే. “చూసినాక చెప్తా, నీతో కాపురం చేసేదా లేదా అని.”

న్యాయంగానే ఉంది. రేపు పొద్దున రాయిని తొట్టి గదికి తీసుకుపోయి, చీటీలు తడిపి ఒక్కొక్కటే ఊడదీస్తాను. సుంకులమ్మను అడిగాను, ఖాసింబీకైతే దీపం ఐదు నిమిషాలు బయటికి తీస్తానంది, నాకైతే తీయనంది. పట్టుబడితే ఉద్యోగం పోతుంది. ఖాసింబీ ఇంకా నడవలేదు కాబట్టి అంతదూరం ఎత్తుకుని తీసుకుపోవాలి. గది బయటే నిలబడతాను.